గోడ మీద నెలవంకలు

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 43 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సర్జాపూర్ రోడ్డు వైపు సొంత ఫ్లాటు. చిన్నప్పట్నుంచీ నాకు సైన్సన్నా, ఆకాశమన్నా పిచ్చి. 1995 గ్రహణం నాడు మా నాయనమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టి, మమ్మల్నందర్నీ లోపలేసి తలుపులు బిగించేసింది. కిటికీ చెక్కకున్న చిల్లుల్లోంచి ఎదురు గోడ మీద చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. అది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఫిజిక్స్ చదువుదామనుకున్నాను, నాన్నగారు కంప్యూటర్స్ అన్నారు. ఇప్పుడు రోజూ రాత్రి పదకొండు దాటాక బ్లాక్ హోల్స్, బిగ్ బ్యాంగ్, గ్రహాంతరవాసుల వీడియోలు చూస్తాను. తెల్లారేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. ఆరో తరగతి చదివే మా పాపకి చెప్పబోతే "నాన్నా, మళ్ళీ క్లాసా" అని లేచి వెళ్ళిపోతుంది. మా ఆవిడకి ఇలాంటివి పట్టవు. ఇక్కడ పప్పు ఉడకదు, పెరుగు తోడుకోదు, ఆవిడ గోల ఇదే. 35 వేలు పెట్టి టెలిస్కోపు కొంటానంటే నెల్రోజులుగా ఇంట్లో గొడవ. నాది నిజమైన ఆసక్తేనా, టైంపాసా? టెలిస్కోపు కొనమంటారా? ఈ వయసులో మళ్ళీ మొదలుపెట్టొచ్చా?

ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం:

బాబూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు గానీ, నాకు పట్టుకున్నవి అవి కావు. ఒకటి, పదమూడేళ్ళప్పుడు మీరు గోడ మీద చూసి వదిలేసింది. రెండోది, మీ ఆవిడ రోజూ వంటింట్లోంచి అడుగుతున్నది. ఆ రెంటినీ మీరు మాటవరసకి రాసి దాటిపోయారు. నేను దాటలేకపోయాను.

ముందు వీడియోల సంగతి తేల్చేద్దాం. పొద్దున్నుంచీ మీటింగులు, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర, ఆ తర్వాత రాత్రి పదకొండింటికి ఎవరైనా ఏం చూసినా దాన్ని విశ్రాంతి అంటారు. కొందరు సీరియల్ చూస్తారు, కొందరు పాత పాటలు వింటారు, మీరు బ్లాక్ హోల్ చూస్తారు. మానక్కర్లేదు. కానీ దానికి సైన్స్ ఆసక్తి అని పేరు పెట్టుకుని, తెల్లారి ఏమీ గుర్తుండటం లేదని టెన్షన్ పడుతున్నారు. అడగని ప్రశ్నకి చెప్పిన జవాబు చెవిలో నిలవదు. హైస్కూల్లో 31 ఏళ్ళు పాఠాలు చెప్పిన దాన్ని, నాకు తెలుసు. మీ పాప లేచి వెళ్ళిపోవడానికి కారణం కూడా అదే. ఆ పిల్ల అడగలేదు, మీరు చెప్తున్నారు.

ఇక గోడ సంగతి. దీన్ని గురించి నేనొక ఒప్పుకోలు చెయ్యాలి.

పిన్‌హోల్ కెమెరా పాఠం నేను ఏటా చెప్పాను. అట్టపెట్టె, నూనె రాసిన కాగితం, కొవ్వొత్తి, తలకిందులుగా పడే బొమ్మ. పరీక్షలో నాలుగు మార్కులు. రిటైరయ్యి మా అబ్బాయి దగ్గరికి బెంగళూరు వచ్చాక, 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వచ్చింది. అప్పుడు మా వియ్యపురాలు ఇంట్లో ఉన్నారు. గ్రహణం చూస్తానంటే గడప దాటనివ్వరు. అందుకని పట్టుకాలానికి ముందే వాకింగ్‌కని చెప్పి లాల్‌బాగ్ తోటకి వెళ్ళిపోయాను. అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న బండ తెలుసు కదా, వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. దానికి కొంచెం ఇవతల చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాను. తొమ్మిదిన్నర అవుతోంది, ఎండ పల్చబడి ఏదో అదోలా ఉంది.

తోట ఊడ్చే ఆవిడ ఒకామె ఉన్నట్టుండి చీపురు ఆపింది. "ఏమ్మా ఇది, నేలంతా సందమామలు పడిండాయే!" అంది. బెంగళూరులో చీపురు పట్టిన చేతుల్లో చాలా మటుకు మన భాషే మాట్లాడతాయి. చూస్తే నిజమే. దారి మీద, ఎండుటాకుల మీద, ఆవిడ చీర మీద, చీపురు మీద, నా చెప్పుల మీద కూడా నెలవంకలు. వందల కొద్దీ, అన్నీ ఒకే వైపు తిరిగి. "రోజూ ఎట్టా ఉంటాయి ఇవి?" అనడిగాను. నా ముఖం వంక జాలిగా చూసి, "రోజూ గుండ్రంగా ఉంటాయి గదమ్మా, రూపాయి బిళ్ళల మాదిరి" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఆకుల మధ్య సందులు గుండ్రంగా ఉండవు. ఒకటి కోణంగా ఉంటుంది, ఒకటి చీలికలా ఉంటుంది. మరి నీడలో పడే వెలుగు మచ్చలు గుండ్రంగా ఎందుకుండాలి? అరవై ఏళ్ళు చెట్ల కింద నడిచాను, 31 ఏళ్ళు ఆ పాఠం చెప్పాను, ఆ ప్రశ్న నాకు రాలేదు. ఆవిడ రోజూ చూసింది. నేను రోజూ చెప్పాను.

అసలు జరిగేది ఇది. చిల్లు చిన్నదయ్యి, గోడ దూరంగా ఉంటే, గోడ మీద పడే వెలుగుకి చిల్లు ఆకారం రాదు, సూర్యుడి ఆకారం వస్తుంది. సూర్యుడి పై అంచు నుంచి వచ్చే వెలుగు చిల్లు దాటి గోడ మీద కిందకి పోతుంది, కింది అంచు వెలుగు పైకి పోతుంది. అలా ప్రతి చిల్లూ గోడ మీద ఒక తలకిందుల సూర్యుణ్ణి గీస్తుంది. మామూలు రోజుల్లో సూర్యుడు గుండ్రంగా ఉంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, చిల్లే గుండ్రంగా ఉందనుకుంటాం. గ్రహణం నాడు చంద్రుడు అడ్డొచ్చి సూర్యుణ్ణి కొరికేసరికి గుట్టు బయటపడుతుంది. 1995 అక్టోబరు 24 పొద్దున మీ నాయనమ్మ సూర్యుణ్ణి చూడొద్దని మిమ్మల్ని లోపలేసింది కదా, మీరు గోడ మీద ఒక్కణ్ణి కాదు, పదిమందిని చూశారు. కంటికి ప్రమాదం లేకుండా గ్రహణం చూడ్డానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. పాపం ఆవిడ తెలియకుండానే మీకో ప్రయోగశాల కట్టిపెట్టింది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. గ్రహణం దాకా ఆగక్కర్లేదు, వచ్చే ఆదివారం చాలు. మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండే చిన్న అద్దం అడిగి తీసుకోండి. దాని మీద నల్ల కాగితం అంటించి, మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. ఎండ పడే బాల్కనీలో అద్దాన్ని కదలకుండా ఒక పుస్తకాల దొంతరకి ఆనించి, వెలుగుని హాల్లోకి, ఎదుటి గోడ మీదకి తిప్పండి. కర్టెన్లు మూసి హాలు చీకటి చేస్తే బాగా కనపడుతుంది. సూర్యుణ్ణి నేరుగా ఎవరూ చూడకూడదు, అద్దంలో కూడా చూడకూడదు. చూడాల్సింది గోడనే. అద్దం వెలుగు ఎవరి కళ్ళల్లోనూ పడనివ్వకండి.

మీ పాపకి ఏమీ చెప్పకండి. కొలిచే టేపు రెండో కొస పట్టుకోమనండి, అంతే. చిల్లు గుండ్రంగా కాక ముక్కోణంగానో, నక్షత్రంలాగానో కత్తిరించమనండి. గోడ మీద ఏ ఆకారం పడుతుందో ముందే పందెం కాయమనండి. ఐస్‌క్రీమ్ పందెం అయితే ఇంకా మంచిది. దగ్గర గోడ మీద నక్షత్రమే పడుతుంది, అద్దానికీ గోడకీ దూరం పెరిగే కొద్దీ అది గుండ్రబడుతుంది. అది ఎందుకో ఆ పిల్ల అడిగేదాకా మీరు నోరు విప్పొద్దు. ఇది మీకు కష్టమని నాకు తెలుసు. నాకూ కష్టమే, టీచర్లకి మరీను.

ఇక కొలత. అద్దానికీ గోడకీ మధ్య ఆరు మీటర్లుందనుకోండి. గోడ మీద బిళ్ళ అడ్డంగా ఆరు సెంటీమీటర్లు, అంటే 60 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో చిల్లు వెడల్పు 4 తీసెయ్యండి, 56 మిగిలింది. 6000ని 56తో భాగిస్తే 107. బిళ్ళ కోడిగుడ్డులా సాగినట్టు కనిపిస్తే, వెలుగు గోడకి ఏటవాలుగా తగులుతోందని అర్థం, అప్పుడు తక్కువ వైపు కొలవండి. గోడ దూరం బిళ్ళకి ఎన్ని రెట్లో, సూర్యుడి దూరం సూర్యుడికి అన్నే రెట్లు. అంటే ఈ 107 ఏమిటంటే, మనకీ సూర్యుడికీ మధ్య 107 సూర్యుళ్ళని పక్కపక్కన పేర్చొచ్చని. దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లని పాప పుస్తకంలో ఉంటుంది. భాగించండి. సూర్యుడి అడ్డుకొలత 14 లక్షల కిలోమీటర్లని, ఫ్లాటులో కూర్చుని చిన్న అద్దంతో తేల్చిన వాళ్ళవుతారు. అసలు లెక్క 13 లక్షల 90 వేల పైచిలుకు. మీరు చూసిన వీడియోల్లో ఈ అంకె వందసార్లు వచ్చి ఉంటుంది. ఈసారి మర్చిపోయి చూపించండి.

ఒక్క మాట. 107కి దగ్గర్లోనే 108 ఉంది కదా అని వెంటనే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో జపమాల రహస్యం అని పెట్టకండి. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, అప్పుడు ఆ సంఖ్య 106కి దిగుతుంది. జూలై మొదట్లో దూరంగా ఉంటుంది, అప్పుడు 109కి ఎక్కుతుంది. మధ్యలో ఎప్పుడో 108ని దాటుతుంది, అది వేరే సంగతి. అద్దం కదలకుండా, టేపు వదులు కాకుండా జాగ్రత్తగా కొలిస్తే ఈ తేడా మీకు అందుతుందో లేదో నేను చెప్పను. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి కొలిచి చూడండి. జూలైలో బెంగళూరు మబ్బులు మిమ్మల్ని కొలవనిస్తే.

మీ ఊరి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తెనాలికి పాతిక కిలోమీటర్లలో ఉన్న గుంటూరులో 1868 ఆగస్టు 18న ఏం జరిగిందో మీకు తెలుసా? ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ అనే ఆయన గుంటూరు దాకా వచ్చాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినప్పుడు అంచుల్లో ఎర్రగా ఎగిసే మంటల్ని వర్ణపటదర్శినితో, అంటే వెలుగుని రంగులుగా విడదీసే పరికరంతో చూశాడు. ఆ రంగుల్లో కొన్ని గీతలు బాగా మెరుస్తూ కనిపించాయి. అక్కడిదాకా చాలామంది చూసేవాళ్ళే. జాన్సెన్‌కి ఒక చిన్న అనుమానం వచ్చింది: ఇంత మెరిసేవి గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా? మర్నాడు పొద్దున్నే, మామూలు ఎండలో మళ్ళీ చూశాడు. కనిపించాయి. అప్పటిదాకా గ్రహణం పట్టిన ఆ కాసిని నిమిషాల్లోనే దొరికే దృశ్యం, ఆ రోజు నుంచి ఏ రోజైనా దొరుకుతుందన్నమాట. సూర్యుడి వెలుగులో ఉన్న ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది దొరికింది 1895లో. గుంటూరంటే మిరపకాయలేనా అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. ఇది మాత్రం అడక్కపోయినా చెప్పొచ్చు.

ఇప్పుడు మీ ఆవిడ ప్రశ్న. ఆవిడకి ఇలాంటివి పట్టవని రాశారు. ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఆవిడదే. తెనాలిలో ఉడికే కందిపప్పు బెంగళూరులో ఎందుకు మొరాయిస్తుంది?

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఎత్తుకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. మీ తెనాలిలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు ఇక్కడ 97 దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా మూతలేని గిన్నెలో నీళ్ళు అంతకన్నా వేడెక్కవు, ఆవిరైపోతాయంతే. దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కుని ఇక్కడ మరిగే నీళ్ళలో ఒకసారి, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్కడ ఒకసారి పెడితే, బెంగళూరు ఎంత ఎత్తున ఉందో టీ గిన్నెతో కొలిచినట్టే.

కానీ ప్రెషర్ కుక్కర్లో ఈ తేడా చాలా వరకు పోతుంది. ఆవిడ కుక్కర్లో పెట్టినా ఉడకటం లేదంటే నా అనుమానం నీళ్ళ మీద. మీవైపు అపార్టుమెంట్లలో బోరు నీళ్ళో, ట్యాంకరు నీళ్ళో కదా. కుళాయిల మూతికి తెల్లగా ఉప్పు పేరుకుంటోందా? అదే. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల గోడల్ని మెత్తబడనివ్వకుండా బిగిస్తాయి. చింతపండు పులుసు ముందే పోస్తే పప్పు ఉడకదని మనిళ్ళల్లో చెప్తారు, అది పులుపు పని, ఇది ఉప్పు పని, ఫలితం మాత్రం ఒకటే. తేల్చుకోవడం తేలిక. కుక్కర్లో రెండు గిన్నెలు పెట్టండి. రెంటిలోనూ ఒకే డబ్బాలో పప్పు, ఒకే కొలత. ఒక దాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకో దాంట్లో ఆర్వో ఫిల్టరు నీళ్ళు. విజిల్స్ అయ్యాక గరిటెతో మెదపండి. పెరుగు సంగతి మరీ సులువు. తోడులో ఉండే బాక్టీరియాకి నలభై డిగ్రీల దగ్గర వెచ్చదనం కావాలి, డిసెంబరు రాత్రి బెంగళూరు వంటింట్లో అది ఎక్కడుంటుంది? పాలు గోరువెచ్చగా ఉండగానే తోడేసి హాట్‌బాక్సులో పెట్టమనండి. ఆవిడే ఇవన్నీ ఎప్పుడో చేసి చూసి ఉంటే, అప్పుడు మీరు నేర్చుకోండి.

టెలిస్కోపు ఇప్పుడు కొనకండి. ఈ విషయంలో నేను మీ ఆవిడ పక్షం. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ ఆకాశం కనిపించే రాత్రులు లెక్కపెట్టొచ్చు. మిగతా నెలల్లో వీధి దీపాల వెలుతురు. పైగా వీడియోల్లో రంగురంగుల గెలాక్సీలు చూసి అలవాటైన కంటికి, టెలిస్కోపులో బఠాణీ గింజంత గురుడు కనిపిస్తే మొదటి రోజు మురిపెం, రెండో నెలకి అటక. ముందు 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు) తీసుకోండి, ఖర్చు టెలిస్కోపులో చిన్న వంతు. డాబా పిట్టగోడకి మోచేతులు ఆనించి చూస్తే గురుడి పక్కన నాలుగు చుక్కలు కనిపిస్తాయి, 1610 జనవరిలో గెలీలియో చూసిన ఉపగ్రహాలు అవే. నాలుగు రోజులు వరసగా కాగితం మీద చుక్కలు పెట్టుకోండి, అవి జాగా మారడం మీ చేతి మీదుగానే తెలుస్తుంది. చలికాలం రాత్రి నడినెత్తి మీద చిన్న గుంపుగా కనిపించే కృత్తికల్ని మీ నాయనమ్మ పిల్లలకోడి అని ఉంటుంది, మామూలు కంటికి ఆరేడు చుక్కలు, బైనాక్యులర్స్‌లో పదుల కొద్దీ. పగటిపూట మాత్రం వాటిని బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. వాటితో సూర్యుణ్ణి చూస్తే క్షణంలో కన్ను పోతుంది, పాపకి ఇది గట్టిగా చెప్పండి.

అప్పటికీ మనసు లాగితే హైగ్రౌండ్స్‌లో నెహ్రూ ప్లానెటేరియం ఉంది, 1989 నుంచీ నడుస్తోంది. టెలిస్కోపుతో ఆకాశం చూపించే కార్యక్రమం ఎప్పుడుందో కనుక్కుని వెళ్ళండి. ఇంకొకరి టెలిస్కోపులో పది రాత్రులు చూశాక మీది కొనండి. అప్పుడు ఏది కొనాలో మీకే తెలుస్తుంది, నన్ను అడగరు.

వయసు గురించి. నాన్నగారు కంప్యూటర్స్ అనకపోతే సైంటిస్టు అయ్యేవాణ్ణన్న బాధ మీ ఉత్తరంలో వినపడింది. అయ్యేవారేమో. అయితే ఈ రోజుల్లో ఖగోళశాస్త్రవేత్త కూడా పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములో తప్పులు వెతుక్కుంటూనే ఉంటాడు. అదెలాగూ మీరు చేస్తున్నారు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ ఇంటి మనిషి సొంత డబ్బుతో సొంత స్థలంలో ఒక వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే చోటు, పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. అది వాళ్ళ ఉద్యోగం కాదు. తెలుగులో ఖగోళం చదవాలంటే ఇప్పటికీ నేను చెప్పే మొదటి పుస్తకం 'విశ్వరూపం', అది రాసిన నండూరి రామమోహనరావు గారు పత్రికా సంపాదకులు. రోజుకి నాలుగు పేజీల చొప్పున చదవండి. వీడియో లాగా ఇది మీకోసం ఆగకుండా పోదు, వెనక్కి తిప్పి మళ్ళీ చదువుకోవచ్చు.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయ సూర్యగ్రహణం, అంటే సూర్యుడు ఉంగరంలా మిగిలే గ్రహణం, ఉంది. బెంగళూరులో కూడా సూర్యుణ్ణి బాగానే కొరుకుతుంది. అప్పటికి మీ పాప పీయూసీకి, అంటే మన ఇంటర్‌కి, వచ్చి ఉంటుంది. ఆ రోజు చెట్ల కిందికి వెళ్ళండి, లాల్‌బాగ్ అయితే నేనూ వస్తాను, ఒంట్లో ఓపికుంటే.

ఈలోగా ఆదివారం కొలత ఎంత వచ్చిందో నాకు రాయండి. 107 రాకపోతే దిద్దకండి, వచ్చిందే రాయండి. 93 వచ్చినా సరే, ఎక్కడ పోయిందో కలిసి వెతుకుదాం. పప్పు సంగతి మాత్రం మీ ఆవిడ చేత రాయించండి.